టీవీ పేజీలో చూసేవాళ్ల రుచికీ చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

వారం వారం మీ టీవీ పేజీలో రేటింగుల వరస వేస్తున్నారు. రాత్రికి ఏ ఛానెల్లో ఏ సినిమా, ఏ నటి ఏ సీరియల్ నుంచి తప్పుకుంది అనే కబుర్లు కూడా వేస్తున్నారు. చదువుతున్నాం. కానీ పగలంతా పనిచేసుకుని రాత్రి గంటా గంటన్నర టీవీ ముందు కూర్చునే మామూలు ప్రేక్షకుడి అవసరం వేరు. ఏది చూడదగ్గది, ఎందుకు, వారంలో ఎన్ని రోజులు చూస్తే సరిపోతుంది, దానికి నెలకెంత కట్టాలి? ఇవి ఎక్కడా కనబడటం లేదు. నాకు తెలిసినంతలో, నా ఇష్టాయిష్టాలతో సహా రాస్తున్నాను. ఒప్పుకోని వాళ్లు జవాబు రాస్తే మరీ మంచిది.

ముందు ఆ రేటింగుల సంగతి. బార్క్ అనే సంస్థ దేశం మొత్తం మీద 50 వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు పెట్టి ఈ లెక్క తీస్తుంది. ఛానెల్ శబ్దంలో మన చెవికి అందని గుర్తు ఒకటి కలిపి పంపిస్తారు. మీటరు ఆ గుర్తును పట్టుకుని ఏ ఛానెల్ నడుస్తోందో తెలుసుకుంటుంది. ఇంట్లో మనిషికో బటన్ ఉంటుంది, టీవీ ముందుకొచ్చిన వాళ్లు తమది నొక్కాలి. లెక్క గురువారం బయటికొస్తుంది. ఇందులో ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపి ఒకటే మార్కెట్టు. ఆదిలాబాద్ నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న జనమంతా ఒక్క అంకెలోకి వచ్చేస్తారు. శ్రీకాకుళం వాళ్లకి ఏది నచ్చింది, విజయనగరం వాళ్లు ఏది కట్టేశారు అన్నది ఆ అంకెలో కనబడదు. పైగా కూర తరుగుతూ ఓ చెవి ఇటు వేసినా, కళ్లార్పకుండా చూసినా మీటరుకు తేడా లేదు. ప్రకటనల ధర కట్టడానికి ఆ లెక్క పనికొస్తుంది. మనం ఏం చూడాలో చెప్పడానికి పనికిరాదు.

ఇప్పుడు సీరియల్. అరగంట సీరియల్‌లో ప్రకటనలు పోను మిగిలేది 21, 22 నిమిషాలు. అందులో నిన్నటి ముక్క ఒకటి రెండు నిమిషాలు, పేర్లూ పాటా, చివర రేపటి ముక్క. బ్రేక్ తర్వాత, బ్రేక్ ముందు చెప్పిన ఆఖరి మాటే మళ్లీ ఇంకోసారి. అసలు కథకి మిగిలేది 18 నిమిషాలు అనుకోండి. ఆ 18 నిమిషాల్లో కథ ఎన్ని చోట్ల జరిగిందో, ఒక్కో చోట కొత్తగా ఏ విషయం తేలిందో వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. వంటగదిలో ఒకటి, బజార్లో ఒకటి, గుడి మెట్ల మీద ఒకటి, రాత్రి గదిలో ఒకటి, ఇలా నాలుగు తేలితే ఆ రోజు ఎపిసోడ్ బాగా రాసినట్టు. అందరూ హాల్లోనే నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే ఆ రోజు రాయడానికి ఏమీ లేదని అర్థం. ఎవరో ఒకరిని చెంపదెబ్బ కొట్టారు, హాల్లో ఎనిమిది మంది ఉన్నారు. ఒక్కొక్కరి మొహం మూడేసి సెకన్లు, అలా మూడు చుట్లు తిప్పితే 72 సెకన్లు. అంటే మాట లేకుండా, కథ కదలకుండా నిమిషం పైన గడిచిపోయింది. అలాంటివి మూడు పడితే అసలు కథలో ఐదో వంతు అయిపోయినట్టే.

దీనికి కారణం రచయిత చేతకానితనం అనుకోవడం న్యాయం కాదు. డైలీ సీరియల్ వారానికి ఐదారు ఎపిసోడ్లు ఇవ్వాలి. యూనిట్ రోజుకి దరిదాపు ఒక ఎపిసోడ్‌కు సరిపడా తియ్యాలి. ముందే తీసి ఉంచుకున్న వాటిని వాళ్లు ఎపిసోడ్ల బ్యాంక్ అంటారు. బ్యాంక్ నిండుగా ఉన్నన్నాళ్లు కథ నడుస్తుంది. పండగలొచ్చి, నటీనటుల డేట్లు కుదరక, వానకి షూటింగు ఆగిపోయి బ్యాంక్ ఖాళీ అయ్యిందా, ఇక పాత దృశ్యాలు గుర్తుచేసుకోవడం మొదలవుతుంది. ముఖ్య పాత్ర ఉన్నట్టుండి ఊరెళ్లిపోయినా, ఆసుపత్రి మంచమెక్కినా చాలాసార్లు కారణం అదే. ఆ నటి ఇంకో భాషలో ఇంకో సీరియల్‌కి డేట్లు ఇచ్చి ఉంటుంది. కథ దారి ఉన్నట్టుండి మారిపోతే రేటింగు పడిందని అనుకోవచ్చు. గతం మరిచిపోవడం, పోలికలున్న మనిషి రావడం, కథ ఏళ్లకేళ్లు ముందుకు దూకడం, రెండు సీరియల్స్ కుటుంబాలు ఒక పెళ్లిలో కలవడం, ఇవన్నీ పడిన అంకెను లేపడానికి వేసే మందులే.

ఏ సీరియల్ పట్టుకోవాలో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. సోమవారం ఎపిసోడ్ చూడండి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా వదిలెయ్యండి. శనివారం చూడండి. ఎవరినీ అడక్కుండా మొత్తం అర్థమైపోయిందంటే మధ్యలో నాలుగు రోజులూ ఏమీ జరగలేదన్నమాట. దాన్ని వారానికి ఒక్కసారి చూస్తే సరిపోతుంది. శనివారం చూసి, ఇది ఎప్పుడు జరిగింది, ఈవిడ ఎందుకు కోపంగా ఉంది అని అడగాల్సి వచ్చిందంటే అది రోజూ చూడదగ్గది. ఈ పరీక్షకు నిలబడేవి చాలా తక్కువ.

నా మట్టుకు నాకు 'గుండె నిండా గుడి గంటలు' నచ్చుతుంది. కారు నడిపి బతికే బాలు, పూలమ్మే మీనా. అందులో మనుషులు పని చేస్తూ కనబడతారు. చేతిలో డబ్బు ఉందా లేదా, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, నగ ఎక్కడికి పోయింది అన్నది కథకి ప్రాణం. మామూలు ఇళ్లలో గొడవలు మొదలయ్యేది అక్కడే కదా. ఇది తమిళం నుంచి తెచ్చుకున్న కథ. 'బ్రహ్మముడి', అంతకుముందు వచ్చిన 'ఇంటింటి గృహలక్ష్మి' బెంగాలీ నుంచి వచ్చాయి. వంటలక్కను ఇంటింటి మనిషిని చేసిన 'కార్తీక దీపం' మలయాళం నుంచి వచ్చింది. 2017లో మొదలై 2023 దాకా నడిచి, మళ్లీ 2024లో కొత్త కథతో అదే జంటతో వచ్చింది. పొరుగు భాష నుంచి తెచ్చుకోవడం తప్పేమీ కాదు. అయితే మూలంలో ఆర్నెల్లలో జరిగిన కథను ఏడాదికి సాగదీస్తే మాత్రం తెలిసిపోతుంది. మీ పేజీలో ఒక్క వాక్యం వెయ్యొచ్చు: ఈ సీరియల్‌కు మూలం ఏది, అక్కడ నడుస్తోందా, అయిపోయిందా. చూసేవాళ్లకి అంతకంటే పనికొచ్చే కబురు లేదు.

భాష గురించి ఒక మాట చెప్పాలి. తెలుగు సీరియల్ కథానాయికల్లో చాలామంది కన్నడ అమ్మాయిలు, వాళ్లకి గొంతు వేరేవాళ్లు ఇస్తారు. కాబట్టి మనం వినే తెలుగు డబ్బింగ్ చెప్పే మనిషిది. మంచి డబ్బింగ్ ఆర్టిస్టు మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడా నటి ఊపిరితో కలుపుతుంది. కలవనప్పుడు ఏడుపు ఒకరిది, గొంతు ఇంకొకరిది అయిపోతుంది. కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వింటే ఈ సంగతి బోధపడుతుంది. ఇక మా ఉత్తరాంధ్ర మాట సీరియల్లో వినబడేది పనిమనిషి నోటనో, నవ్వించడానికి పెట్టిన పాత్ర నోటనో. అదీ ప్రతి వాక్యానికీ ఒక 'ఏటి' తగిలించి సరిపెట్టేస్తారు. మా మాటకి ఒక నడక ఉంది. ఉద్దానం మనిషి మాట్లాడినట్టు విజయనగరం కంటోన్మెంటు మనిషి మాట్లాడడు, సాలూరు సంతలో మాట ఇంకోలా ఉంటుంది. డాక్టరూ, టీచరూ, ఇంటి పెద్దా కూడా మా మాటలో మాట్లాడే సీరియల్ ఒక్కటైనా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పాటల కార్యక్రమాల దగ్గరకొస్తే మా ప్రాంతం చెవి కొంచెం పదునైనదే. విజయనగరంలో సంగీత కళాశాల పుట్టింది 1919లో. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఘంటసాల చదువుకున్నది అక్కడే. పి. సుశీల పుట్టిన ఊరూ, సంగీతం నేర్చుకున్న ఊరూ అదే. అందుకని పాట పోటీ చూసేటప్పుడు మార్కులు వాళ్లే వేస్తారులే అని ఊరుకోబుద్ధి కాదు.

'పాడుతా తీయగా' 1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం గారి చేతుల మీద మొదలైంది. 2020లో ఆయన పోయాక ఆయన కొడుకు చరణ్ గారు నడిపిస్తున్నారు. ఆ కార్యక్రమం ఇన్నేళ్లు నిలబడటానికి కారణం నా దృష్టిలో ఒకటే. పాట రాసిందెవరు, స్వరం కట్టిందెవరు, ఈ చోట ఈ పదం ఎందుకు పడింది అన్నది బాలు గారు పిల్లలకు చెప్పేవారు. ఒత్తు పలక్కపోతే అక్కడే ఆపి పలికించేవారు. వినేవాళ్లు కూడా నేర్చుకునేవారు.

ఇంట్లో కూర్చుని పాటను ఎలా తూచాలంటే, పల్లవి వచ్చినంతసేపూ తెర వైపు చూడొద్దు. లైట్లూ బట్టలూ చెవిని పక్కకి లాగేస్తాయి. వాద్యాలు ఆగి గొంతు మొదలయ్యే మొదటి అక్షరం శ్రుతిలో పడిందా, కింద నుంచి జారి ఎక్కిందా చూడండి. తర్వాత చరణం ఎత్తుకునే చోటు. మధ్యలో వాద్యాల ముక్క అయ్యాక చాలామంది పిల్లలు అర మాత్ర ముందే దూకేస్తారు, భయం వల్ల. తాళం చేతిలో వేసుకుంటూ వింటే ఇది ఇట్టే దొరికిపోతుంది. ఆపైన లైను చివర ఊపిరి. పొడుగు లైనులో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే అనుకోకపోతే ఆఖరి అక్షరం నలిగిపోతుంది. ఆడపిల్ల మగవాళ్ల పాట ఎత్తుకున్నప్పుడు శ్రుతి మార్చుకోవాలి. పైస్థాయికి భయపడి మరీ దించేస్తే పల్లవిలో మంద్రం, అంటే కింది స్థాయి మాటలు వినబడవు. పైన బాగానే పాడి కింద మాటలు మింగేస్తే తప్పు గొంతుది కాదు, శ్రుతి ఎంచిన పద్ధతిది. ఇక అక్షరాలు: శ, ష, స మూడూ ఒకటే అయిపోతున్నాయి, ణ న అయిపోతోంది, ళ ల అయిపోతోంది. భ, ధ ఒత్తు లేకుండా వచ్చేస్తున్నాయి. స్వరాన్ని ఊపి పలికే గమకం తర్వాత నేర్చుకోవచ్చు, అక్షరం ముందు రావాలి.

ఒక హెచ్చరిక. వేదిక మీద పాడినది యథాతథంగా మన ఇంటికి రాదు. ఒక్కో మైకు శబ్దం విడివిడిగా రికార్డు చేసి, తర్వాత కలిపి, మెరుగుపెట్టి పంపిస్తారు. జారిన శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చాలా స్టూడియోల్లో ఉంది. న్యాయనిర్ణేత 'ఇక్కడ శ్రుతి తప్పావమ్మా' అన్నప్పుడు మన చెవికి ఏమీ తప్పినట్టు అనిపించకపోతే, ఆయన విన్నది వేరు, మనం విన్నది వేరు అయి ఉండొచ్చు. అక్షర దోషం, ఊపిరి, భావం మాత్రం అంత సులువుగా దిద్దలేరు. అందుకే వాటి మీదే ఎక్కువ దృష్టి పెట్టమంటాను. పాట కంటే కన్నీళ్ల నిడివి ఎక్కువగా ఉండే పోటీలు కూడా ఉన్నాయి. ఆ పిల్లల కష్టం నిజమే కావచ్చు, దాన్ని వాయులీనం వేసి మూడుసార్లు చూపించడం నాకు బాధగా ఉంటుంది.

డాన్సు పోటీల్లో ఒక్కటి చూస్తే తెలిసిపోతుంది: కాళ్లు కనబడుతున్నాయా? సెకనుకో షాటు మారుస్తూ, నడుము పైకే చూపిస్తే ఆ అడుగు సరిగా పడలేదని అనుమానించొచ్చు. తల నుంచి పాదం దాకా ఒక్క షాట్‌లో పది సెకన్లు నిలిపారంటే ఆ కుర్రాడికి పని వచ్చు. కామెడీ స్కిట్లలో రూపాన్నీ, రంగునీ ఎగతాళి చేసేవి వచ్చిన చోట ఛానెల్ మార్చేస్తాను. పరిస్థితి మీద నవ్వించే స్కిట్లు వారానికి ఒకటో రెండో వస్తాయి, వాటి కోసం చూడొచ్చు. బిగ్ బాస్ వంద రోజులు రోజూ గంట చూడటం నా వల్ల కాదు. శని, ఆదివారాల్లో నాగార్జున గారు అడిగే ప్రశ్నలు వింటే ఆ వారమంతా ఏం జరిగిందో వచ్చేస్తుంది.

ప్రత్యక్ష ప్రసారాల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా రెండు జిల్లాల వాళ్లు ఏడాదికి ఒక్కసారైనా తప్పకుండా చూసేది పైడితల్లి సిరిమానోత్సవం. విజయదశమి వెళ్లిన మొదటి మంగళవారం. విజయనగరంలో మూడులాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి చింతమాను, మూడుసార్లు తిరుగుతుంది. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల తోడుగా నడుస్తాయి. దూరాన ఉన్న పిల్లలూ, జనంలో నిలబడలేని ముసలివాళ్లూ టీవీ మీదే ఆధారపడతారు.

తెరమీద ఏం జరుగుతుందంటే, పూజారి మొహం దగ్గరగా చూపిస్తారు. దగ్గరగా చూపిస్తే ఆయన ఎంత ఎత్తున ఉన్నారో తెలియదు. సిరిమానుకి అందం ఆ పొడవులో, ఆ ఊపులో ఉంది. చింతమాను మొదలూ చివరా రెండూ ఒకే చట్రంలో పట్టాలంటే కోట వైపు ఎత్తయిన మేడ మీద కదలకుండా ఒక కెమెరా ఉండాలి. అది ఎప్పుడూ వెడల్పుగానే ఉంచాలి. మూడులాంతర్ల దగ్గర రెండోది, జనం మధ్య నేల మీద మూడోది. ఆ మూడో కెమెరాకి అరటిపళ్లు విసిరే చేతులు దొరుకుతాయి. ప్రముఖులు కూర్చున్న వేదికను మొదట్లో ఒకసారి చూపిస్తే సరిపోతుంది, సిరిమాను కదులుతున్నప్పుడు అటు తిప్పడం అన్యాయం. వ్యాఖ్యాతలు ఇద్దరూ ఆగకుండా మాట్లాడటంతో డప్పుల మోత మనకి చేరదు. చుట్టుకి రెండు నిమిషాలైనా మాట ఆపి మోత వదలాలి. ఇది ఎన్నో చుట్టో తెర మూలన ఒక్క అంకె వేస్తే మధ్యలో టీవీ పెట్టిన వాళ్లకి అడగక్కర్లేదు. తెల్ల ఏనుగు ఎందుకు, వల ఎందుకు అన్నది అవి వచ్చినప్పుడు తెలిసిన స్థానికులతో చెప్పిస్తే బాగుంటుంది. ఈ ఉత్తరం ఛానెళ్ల వాళ్లెవరైనా చదివితే ఈ ఒక్క పేరా పట్టించుకుంటే చాలు.

పొద్దున్నే వచ్చే వ్యవసాయ కార్యక్రమాలంటే నాకు గౌరవం. ఈటీవీ 'అన్నదాత' చూసి పంట మార్చుకున్న రైతులు ప్రతి మండలంలోనూ ఉంటారు. అక్కడ తప్పు జరిగేది మోతాదు దగ్గర. 1500 పీపీఎం వేప నూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు అని తెరమీద మూడు సెకన్లు వేస్తారు. ఎకరాకి 200 లీటర్ల నీరు పిచికారీ చేసే రైతుకి కావలసింది ఎకరాకి లీటరు అన్న మాట. ఆ గుణకారం వాళ్లే చేసి, రెండు అంకెలూ పది సెకన్లు నిలబెట్టాలి. చూసేవాళ్లు ఫోన్ చేతిలో పెట్టుకుని ఆ పట్టీ రాగానే ఫొటో తీసుకోవడం మంచిది, రాసుకోబోతే సగం పోతుంది. పలాస జీడితోటలకీ, గోగుకీ, మొక్కజొన్నకీ వచ్చే ఎపిసోడ్ల తేదీలు ముందే మీ పత్రికలో వేస్తే ఎంతమందికి ఉపకారమో. వంటల కార్యక్రమాలదీ ఇదే జబ్బు. చెంచా అంటే ఏ చెంచా, మంట ఎంత, ఎన్ని నిమిషాలు అన్నది చెప్పకుండా 'వేగాక' అని దాటేస్తారు.

తుపాను వేళ వార్తా ఛానెల్ ఎంచుకోవడం రుచికి సంబంధించిన సంగతి కాదు గానీ చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పటి చెట్లూ స్తంభాలూ ఇప్పటికీ ఏ తుపానుకైనా వేస్తుంటారు. తెర మూలన 'ఫైల్' అని ఉందా, 'లైవ్' అని ఉందా చూసుకోండి. వాతావరణ శాఖ తుపాను సమయంలో మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది. దాన్ని యథాతథంగా చదివి, ఎన్ని గంటలకి ఇచ్చినదో చెప్పే ఛానెల్ పెట్టుకోండి.

ఇప్పుడు డబ్బు. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త పద్ధతిలో మనకి కావలసిన ఛానెల్ విడిగా కొనుక్కునే హక్కు ఉంది. కనెక్షన్ రుసుము ఒకటి, దాని మీద పే ఛానెళ్ల ధర, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. రుసుము మొదట 100 ఛానెళ్లకి 130 రూపాయలు, 2020లో అదే డబ్బుకి 200 ఛానెళ్లు చేశారు. 2024 జూలైలో ఆ గరిష్ఠ పరిమితి ఎత్తేశారు, కనుక ఇప్పుడు ఎంతో మీ ఆపరేటర్నే అడగాలి. కొన్ని ఛానెళ్లు కట్టగట్టి అమ్మే ప్యాక్‌లో చేర్చాలంటే ఛానెల్ విడి ధర 19 రూపాయలకి మించకూడదు. నాలుగు పెద్ద తెలుగు వినోద ఛానెళ్లూ ఒక్కోటి 19 అనుకున్నా 76 రూపాయలు. రుసుము 130 అయితే కలిపి 206, పన్నుతో 243 రూపాయల 8 పైసలు. దూరదర్శన్ ఛానెళ్లు తప్పనిసరిగా వస్తాయి, తెలుగు వార్తా ఛానెళ్లలో చాలావరకు ఉచితమే. మీ బిల్లు దీనికంటే బాగా ఎక్కువుంటే, మీరు చూడని ఛానెళ్లకి కడుతున్నారు.

అయితే ప్యాక్ ప్రతిసారీ దండగ కాదు. మీరు చూసే రెండు ఛానెళ్లు ఒకే సంస్థవై, ఆ సంస్థ ప్యాక్ ధర ఆ రెండింటి విడి ధర కంటే తక్కువుంటే ప్యాకే తీసుకోండి. నెల రోజులు ఇంట్లో ఎవరెవరు ఏం చూస్తున్నారో కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతో ఆపరేటర్ దగ్గరికి వెళ్లండి. విడి ఛానెళ్లు కుదరవంటే కుదిరి తీరాలని గట్టిగా చెప్పండి, బిల్లులో ఛానెల్ వారీ ధర అడగండి. ఒకే ఛానెల్ మామూలుదీ, హెచ్‌డీదీ రెండూ పడ్డాయేమో చూసుకోండి. నెలనెలా ఏమీ కట్టకుండా దూరదర్శన్ సప్తగిరి చూస్తే చాలనుకునే వాళ్లకి డీడీ ఫ్రీ డిష్ ఉంది. శ్రీకాకుళంలో డిష్ దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య, దాదాపు 66 డిగ్రీల ఎత్తుకి చూడాలి. ఆ దారిలో కొబ్బరి మట్ట అడ్డొస్తే బొమ్మ విరిగిపోతుంది. సముద్రపు గాలికి కేబుల్ చివరి కనెక్టర్ తుప్పు పడుతుంది, వాన పడ్డప్పుడల్లా సిగ్నల్ పోతుంటే ముందు అదే మార్పించండి.

హెచ్‌డీకి డబ్బు కడుతూ మసక బొమ్మ చూసేవాళ్లు చాలామంది. బాక్సు నుంచి టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు ఉంటే హెచ్‌డీ రాదు, హెచ్‌డీఎంఐ వైరు వెయ్యాలి. మొహాలు అడ్డంగా సాగినట్టుంటే అది పాత చదరపు బొమ్మను వెడల్పు తెరకి లాగడం వల్ల. బాక్సు రిమోట్‌లో ఆస్పెక్ట్ మారిస్తే సర్దుకుంటుంది. సినిమా కూడా సీరియల్‌లా జారుతున్నట్టు కనబడితే టీవీ సెట్టింగుల్లో 'మోషన్' అన్నది ఆపెయ్యండి. మాటలు వినబడక సంగీతమే వినబడుతుంటే, పలచటి టీవీల స్పీకర్లు కిందికో వెనక్కో చూస్తాయి కాబట్టి అలా జరుగుతుంది. బాక్సు వాల్యూం పూర్తిగా పెంచి టీవీ రిమోట్‌తోనే తగ్గించుకోండి, 'క్లియర్ వాయిస్' ఉంటే పెట్టుకోండి. ప్రకటన రాగానే శబ్దం పెరిగిపోతుంటే 'ఆటో వాల్యూం' కొంత ఆదుకుంటుంది.

ఆ శబ్దం గురించి నియమం కూడా ఉంది. ప్రకటన శబ్దం మరీ పెద్దగా ఉండకూడదని, గంటకి ప్రకటనలు 12 నిమిషాలు దాటకూడదని, అందులో రెండు నిమిషాలు ఛానెల్ సొంత ప్రచారానికని కేబుల్ టెలివిజన్ నియమాల్లో రాసి ఉంది. 2013లో ట్రాయ్ ఈ 12 నిమిషాల మీద పట్టుబడితే ఛానెళ్లు కోర్టుకెళ్లాయి. మనం మాత్రం ఫిర్యాదు చెయ్యొచ్చు. 2021లో తెచ్చిన సవరణ ప్రకారం ఛానెల్ 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. నచ్చకపోతే ఇంకో 15 రోజుల్లో ఛానెళ్ల స్వీయ నియంత్రణ సంఘానికి అప్పీలు చేసుకోవాలి, వాళ్లకి 60 రోజుల గడువు. 'మీ ఛానెల్లో చెత్త వస్తోంది' అని రాస్తే ఏమీ జరగదు. ఛానెల్ పేరు, కార్యక్రమం, తేదీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి, ఏ మాట లేదా ఏ దృశ్యం అన్నది రాయాలి. గడియారం, టీవీ తెర రెండూ కనబడేలా ఫోన్‌తో తీసిన ఫొటో జత చేస్తే ఇంకా మంచిది.

ఇక మీ పేజీ గురించి నా కోరిక. గురువారం రేటింగుల పట్టిక వేస్తున్న చోట సగం తగ్గించి, ఆ జాగాలో ఒక్కో వారం ఒక్కో కార్యక్రమం గురించి శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాల పాఠకుల అభిప్రాయాలు నాలుగు వెయ్యండి. బాగుందో లేదో ఒక్క ముక్కలో చెబితే ఒప్పుకోకండి, ఏ ఎపిసోడ్‌లో ఏది నచ్చిందో రాయమనండి. మొదటి వారానికి 'పాడుతా తీయగా' పెట్టండి, నేను రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా